కుంచెమ్మ గొడుగు

మా వృక్షశాస్త్ర సంస్థలో మెట్లెక్కగానే నడవ గోడకు ఒక పుట్టగొడుగు బొమ్మ ఉండేది. ఊదారంగు గొడుగు, దాని మీద పొలుసులు, కింద సన్నటి కాడ, కాడ చుట్టూ నల్లదారంతో అల్లినట్టు వల. వచ్చిన ప్రతి అతిథీ దాని ముందు ఆగి ముచ్చటపడేవారు. నాకు ఒళ్లు మండేది. అందంగా ఉండటం పుట్టగొడుగు పని కాదు. రాలిన ఆకుల్ని కుళ్లబెట్టాలి, చెట్ల వేళ్లతో ఇచ్చిపుచ్చుకోవాలి, వానపడ్డ నాలుగు రోజులూ నిలబడి బీజాలు రాల్చుకుని పోవాలి. దానికి ఊపిరి సలపనంత పని ఉంటే మనం దాని ముస్తాబు గురించి మాట్లాడతాం. అయినా ఆ బొమ్మ వేసింది మా పెద్దమ్మ కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మది ఊళ్లు తిరిగే ఉద్యోగం కావడంతో నేను పెద్దమ్మ చేతుల్లోనే పెరిగాను, ఇప్పుడు ఆమె నా దగ్గర ఉంటోంది. ఉద్యోగం ఉన్నంతకాలం ఆమె ఇదే సంస్థలో చిత్రకారిణి. అందరూ కుంచెమ్మ అనేవారు. ఇంట్లో పెట్టిన పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. నాకు మిరపకాయ అని పేరు పెట్టింది ఆవిడే. దీనికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఇప్పటికీ వీధిలో అందరికీ చెబుతుంది. అలా చెబుతుందని నాకు కోపం వస్తుంది.

నేను ఎండు పుట్టగొడుగుల గదిలో పనిచేస్తాను. గది నిండా ఇనుప బీరువాలు, బీరువాల నిండా కాగితపు పొట్లాలు, పొట్లాల్లో ఎండి ముడుచుకుపోయిన గొడుగులు. తుడవడానికి వచ్చిన కొత్త మనిషి ఎవరైనా మొదటిరోజు వీటిలో ఏవి పారెయ్యాలమ్మా అని అడుగుతారు. ఏదీ పారెయ్యకూడదు. ఒక జాతికి పేరు పెడితే, ఆ పేరు దేనికి పెట్టామో చూపించే నమూనా ఒకటి దాచాలి. దాన్ని మూల నమూనా అంటాం. రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా దాని దగ్గరికే రావాలి.

పెద్దమ్మ బొమ్మలోని పుట్టగొడుగుకు ఆ నమూనా లేదు. ఉన్న ఒక్క పొట్లాన్నీ నేను ఉద్యోగంలో చేరకముందే పురుగులు తినేశాయి. మిగిలింది చిటికెడు పొడి. అందువల్ల ఆ బొమ్మే మూల నమూనా అయి కూర్చుంది. దాన్ని వర్ణించి పుస్తకంలో ఎక్కించినవాడు అప్పటి పెద్దాయన, సంస్థకు అధిపతి. బొమ్మ చూసి మురిసిపోయి, ‘కుంచె’ అన్న మాటకు లాటిన్ తోక తగిలించి శాస్త్రీయ నామం చేశాడు. మేమంతా దాన్ని కుంచెమ్మ గొడుగు అంటాం. దొరికిన చోటు ఒక్కటే, నీళ్ల సరఫరా ఆఫీసు వెనక వాలులో ఉన్న చిన్న తోపు. అది అరుదైన జాతుల్లో చేరడంతో ఆ తోపులో ఎవరూ పలుగు దించకూడదని ఆంక్ష పడింది. చుట్టూ ఊరు పెరిగిపోయినా తోపు మిగిలింది. అయితే పెద్దమ్మ బొమ్మ వేశాక ఆ గొడుగు మళ్లీ ఎవరి కంటా పడలేదు.

ఆ ఏడాది వానలు మొదలవుతుండగా డైరెక్టరు గారు నన్ను పిలిచారు. మనిషి నెమ్మదస్తుడు. నచ్చని మాట చెప్పాల్సి వస్తే ముందు కళ్లద్దాలు తుడుచుకుంటారు.

"తోపు మాకివ్వండని నీళ్లవాళ్లు అడుగుతున్నారమ్మా," అన్నారు తుడుచుకుంటూ. "పైవీధులకి నీళ్లెక్కడం లేదట. కొత్త ట్యాంకు కట్టాలట. అరుదైన జాతుల రక్షణ సంఘం ముందుకి వెళ్లింది వ్యవహారం."

"ఆంక్ష ఉంది కదండీ."

"ఉంది. కానీ దేనికోసం ఉందో అది ఇన్నాళ్లుగా కనిపించలేదంటున్నారు. కాదనలేం కదా. వానలు అయిపోయేలోగా అది ఉందో లేదో, ఉంటే అసలదేంటో మీరు తేల్చి చెప్పాలి."

సరేనన్నాను. బయటికొచ్చి బొమ్మ ముందు నిలబడ్డాను. అతిథులు నిలబడినట్టే నిలబడ్డాను, ముచ్చటపడటానికి మాత్రం కాదు.

తోపులో నాకు మొదట దొరికింది ఇంజనీరు. నీళ్ల ఆఫీసు తరఫున కొలతలు వేయిస్తున్నాడు. నన్ను చూసి ఆయనే పలకరించాడు.

"పుట్టగొడుగుల మేడమ్ మీరేనా? దొరికితే మాకూ చూపించండి. మా ఆవిడ పైవీధిలో ఉంటుంది, నేనూ అక్కడే ఉంటాననుకోండి. బిందెలతో మోసుకుంటున్నాం. ఓ పుట్టగొడుగు కోసం మోస్తున్నామంటే ఇంట్లో నమ్మడం లేదు."

"మీ ట్యాంకు ఇంకెక్కడా కట్టకూడదా?" అన్నాను పుల్లవిరుపుగా.

"కట్టొచ్చు. పైపులు ఎక్కువవుతాయి. అయినా మీ గొడుగు ఇంకెక్కడా మొలవకూడదా?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే మనిషి కోపం తెచ్చుకునేలా లేడు. నా దారిన నేను వెతకడం మొదలుపెట్టాను.

వాన వెలిసినప్పుడల్లా వెళ్లాను. తోపు చిన్నదే గాని వాలు జారుతుంది, ఆకులు మోకాలి దాకా పేరుకున్నాయి. ఒక్కో చెట్టు మొదలు దగ్గర చతికిలబడి ఆకులు తొలగించడం, చూడటం, తొలగించిన ఆకుల్ని మళ్లీ కప్పడం. కనిపించినవన్నీ కనిపించాయి, కావలసింది తప్ప. బట్టలకు బురద, జుట్టులో బూజు. ఇంటికి రాగానే పెద్దమ్మ గుమ్మంలోనే ఆపి నా వాలకం చూసి నవ్వేది.

"కనబడిందా నా గొడుగు?"

"నీలాగే మొండిది. పిలిస్తే రాదు."

"వస్తుందిలే. నా పేరు పెట్టుకున్నాక రాక ఏం చేస్తుంది."

ఒక పొద్దున, రాత్రంతా కురిసిన వాన అప్పుడే ఆగింది. వాలు అడుగున, గరుకు బెరడున్న పెద్ద చెట్టు కింద ఊదారంగు మెరిసింది. దగ్గరికెళ్లి చూస్తే గొడుగు బొమ్మలో ఉన్నట్టే ఉంది, అదే ఊదా, అవే పొలుసులు. వేలితో ఆకులు తీశాను. కాడ నున్నగా, తెల్లగా, ఒట్టిదిగా ఉంది. వల లేదు. అప్పుడు గుర్తుపట్టాను. అది ఏ రోడ్డు పక్క చెట్టు కిందైనా మొలిచే మామూలు ఊదా గొడుగు. లేతగా ఉన్నప్పుడు కొన్నిటికి అలా పొలుసులుంటాయి. దానికి ఎప్పుడో పేరుంది, దానికేం కొదవలేదు.

చిరాకుగా లేవబోతుంటే పక్కనే, జానెడు దూరంలో, ఇంకొకటి కనబడింది. గొడుగు బురదరంగు. నత్తలు అంచంతా కొరికేశాయి, ఒకవైపు సగం లేదు. పక్కనున్నవి కూడా అలాగే ఉన్నాయి, ఒక్కటీ సవ్యంగా లేదు. చూడబుద్ధి కాదు. అలవాటు కొద్దీ కాడ చుట్టూ ఆకులు తొలగించాను. కాడ మీద నల్లటి వల ఉంది.

ఊదా గొడుగునూ దీన్నీ మార్చి మార్చి చూశాను. ఒకదానికి గొడుగు ఉంది, రెండోదానికి కాడ ఉంది. పెద్దమ్మ బొమ్మ ముక్కలై నా ఎదురుగా మట్టిలో ఉంది.

మా శాస్త్రానికి బొమ్మలు వేసేవాళ్ల పద్ధతి ఒకటుంది. ఏ మొక్కా సలక్షణంగా దొరకదు. ఒకదాని ఆకు చిరిగి ఉంటుంది, ఇంకోదాని పువ్వు వాడిపోయి ఉంటుంది. అందుకని నాలుగైదు మొక్కల్ని ముందు పెట్టుకుని, ఒకదాని ఆకు, ఒకదాని పువ్వు, ఒకదాని వేరు తీసుకుని కాగితం మీద ఒక మంచి మొక్కను నిలబెడతారు. అది మోసం కాదు. అన్నీ ఒకే జాతివైతే అదే సరైన పని. కాకపోతేనే కొంప మునుగుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. పెద్దాయన తన వర్ణనలో బీజాల ఆకారం, పరిమాణం రాశాడు. బీజాలు గొడుగు కింది రేకుల నుంచే రాలతాయి. ఆయన కొలిచిన బీజాలు మామూలు ఊదా గొడుగువే. వర్ణనలో మిగతాదంతా కూడా గొడుగు గురించే ఉంది. కాడ గురించి చివర్లో ఒక్క వాక్యం విదిల్చాడు.

ఇలాంటి చిక్కు వస్తే మాకొక నియమం ఉంది. ఒక పేరు కింద రెండు జాతులు కలిసిపోయి ఉంటే, వర్ణన ఏ భాగానికి ఎక్కువ సరిపోతుందో ఆ భాగానికే పేరు చెందుతుంది. ఇక్కడ అది గొడుగుకే చెందుతుంది. గొడుగుకు ముందునుంచే వేరే పేరు ఉంది కాబట్టి రెండో పేరు కొట్టివేత. అంటే కుంచెమ్మ గొడుగు అనేది లోకంలో లేదు. లేనిదాని పేరు మీద నిలిచిన తోపు కూడా నిలవదు.

ఇంటికెళ్లాక పెద్దమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా మసకే.

"నీ గొడుగు బొమ్మ గుర్తుందా పెద్దమ్మా?"

"నా మొహం నేను మరిచిపోయినా అది మరిచిపోను. ఏం?"

"వేసేటప్పుడు ఎన్ని ముందు పెట్టుకున్నావు?"

"ఎన్నేంటే. బుట్టెడు తెచ్చి పోశారు." నా వైపు తిరిగింది. "ఏమైంది?"

నేను నీళ్లు నమిలాను. తోపులో జారుడు గురించి, వాన గురించి ఏదో చెప్పాను.

"నీకు నసగడం చేతకాదు మిరపకాయా. ఉన్నదేదో చెప్పు."

చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ఒకే తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"వల ఉన్నవాటికి గొడుగులు బాలేవు," అంది చివరికి. "నత్తలు తినేసి, చిరిగిపోయి ఉన్నాయి. గొడుగు బాగున్నవాటికి కాడలు విరిగిపోయాయి. అన్నీ ఒకే చెట్టు కింద ఏరాం అన్నారు. పుస్తకం అచ్చుకి పోతోంది, మంచివి చూసి వెయ్యమ్మా అన్నాడు పెద్దాయన. వేశాను. అందరం అలాగే వేస్తాం."

"తెలుసు. నీ తప్పని నేననడం లేదు."

"మరి అలాంటిది లేదంటున్నావు కదా."

"లేదు పెద్దమ్మా."

ఆమె తువ్వాలును ఒళ్లో పెట్టుకుంది. "నాకు పిల్లల్లేరు, నా పేరు ఎవరికీ పెట్టలేదు. ఆ ఒక్కదానికి పెట్టారు. దాన్ని కూడా లేదంటున్నావు." మెల్లగా అడిగింది. "నేను పోయాక రాసుకోకూడదూ? ఎన్నాళ్లుంటానని."

నాకు ఏడుపొచ్చింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నన్ను ఏదీ అడగలేదు, అడిగిన ఒక్కటీ ఇది. లేచి వంటింట్లోకి వెళ్లి ఉత్తినే కుళాయి తిప్పి నిలబడ్డాను.

మర్నాడు డైరెక్టరు గారు అంతా విన్నారు. కళ్లద్దాలు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచారు.

"చిత్రంలో కొట్టొచ్చినట్టు కనబడేది కాడ మీద వలే కదమ్మా," అన్నారు. "పేరు కాడకే చెందుతుందని మీరు రాస్తే కాదనేదెవరు? ఆ కాడ గొడుగు తోపులో ఉండనే ఉంది. మీ పెద్దమ్మగారి పేరు ఉంటుంది, తోపూ ఉంటుంది. ఎవరి కొంపా మునగదు."

"బీజాలు గొడుగువి కదండీ."

"బీజాలు చూసేది మీరొక్కరే."

ఆయన చెడ్డవాడు కాడు. ఆయనకు తోపు కావాలి. నాకూ కావాలి. పెద్దమ్మకు తన పేరు కావాలి. మంచి మనసుతో అడిగే అబద్ధానికి అడ్డు చెప్పడం ఎంత కష్టమో ఆ వారమంతా తెలిసింది. రాత్రి అన్నం సహించలేదు, పగలు ఎదురొచ్చిన ప్రతివాళ్ల మీదా విరుచుకుపడ్డాను.

చివరికి నా చేత నిజం రాయించింది ఆ నత్తలు కొరికిన గొడుగే. దాన్ని పదేపదే చూస్తుంటే ఒక సంగతి మనసుకు పట్టింది. అది ఆ తోపులో ఉంది, పెద్దమ్మ కాలం నుంచీ ఉంది, బహుశా ఇంకెక్కడా లేదు. అయినా ఇంతవరకు దానికి పేరే లేదు. ఇన్నాళ్లూ ఇంకొకరి తల తగిలించుకుని గోడ మీద వేలాడింది. నేనూ ఆ అబద్ధమే రాస్తే దాన్ని ఇంకెవరూ ఎప్పటికీ చూడరు. అదీగాక ఒక్క పేరు దగ్గర కళ్లు మూసుకుంటే, మిగతా పేర్ల గురించి నేను చెప్పేది ఎవరు నమ్మాలి?

రక్షణ సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. బొమ్మలోది ఒక జాతి కాదు, రెండు. కుంచెమ్మ గొడుగు అనే పేరు ఇకపై చెల్లదు. అయితే తోపులో పేరులేనిది ఒకటుంది, దానికి పేరు పెట్టే పనిలో ఉన్నాను. అధ్యక్షురాలు పెద్దావిడ, పొడిపొడిగా మాట్లాడే మనిషి. పేరులేనిదానికి రక్షణ ఇచ్చే వీలు చట్టంలో లేదంది. వానలు పోయాక ఇంకోసారి కూర్చుంటాం, అప్పటికి పేరూ వర్ణనా బొమ్మా సిద్ధంగా ఉంటే చూస్తాం, లేకపోతే తోపు నీళ్లవాళ్లదే అంది. ఇంజనీరు నాకేసి చూసి, పాపం అన్నట్టు తలాడించాడు.

సంస్థకు తిరిగొచ్చి నేనే స్టూలెక్కి నడవలో బొమ్మను దించాను. ఇంకెవరైనా దించితే భరించలేననిపించింది. దించిన సంగతి పెద్దమ్మకు చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించేది, వానకు గొడుగు తీసుకెళ్లమని గుర్తుచేసేది, అంతే. నన్ను మిరపకాయ అనలేదు. వీధిలో వాళ్లకు చెప్పడం కూడా మానేసిందట. తిట్టినా బాగుండేది.

పని మాత్రం ఆపలేదు. వల కాడ గొడుగుల్ని ఏరాను, బీజాలు కొలిచాను, దగ్గరి జాతులన్నిటితో పోల్చాను. ఊదా గొడుగుకూ దీనికీ చుట్టరికం కూడా లేదు. దేనితోనూ సరిపోలేదు. కొత్తదే. ఒక్క గొడుగైనా నత్తలు ముట్టనిది దొరుకుతుందేమోనని చూశాను గాని దొరకలేదు. మొలిచీ మొలవకముందే తినేస్తున్నాయి. ఇక బొమ్మ. పెద్దమ్మ రిటైరయ్యాక సంస్థలో చిత్రకారుల ఉద్యోగమే తీసేశారు, ఫోటోలతో సరిపెడుతున్నారు. ఫోటోలో వల నీడలో కలిసిపోతోంది. ఇంట్లో కిటికీ వెలుగు బాగుంటుందని ఒక సెలవురోజు నాలుగు గొడుగుల్ని తెచ్చి బల్ల మీద పెట్టి, కెమెరాతో కుస్తీ పడుతున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది.

వెనక కుర్చీ లాగిన చప్పుడైంది. పెద్దమ్మ కూర్చుంది. చేతిలో పెన్సిలు ఉంది, చంకలో ఆమె పాత రంగుల పెట్టె.

"ఆ డబ్బా తియ్యి. వెలుగుకి అడ్డం," అంది.

కెమెరా తీసేశాను. ఆమె ఒక గొడుగును దగ్గరికి జరుపుకుంది. మసక కన్ను మూసి, రెండో కంటితో చాలాసేపు చూసింది. కొరికిన అంచు సరిగ్గా ఆనలేదు కాబోలు, చూపుడువేలి కొసతో అంచు వెంట తడిమింది. ప్రతి గంటు దగ్గరా వేలు ఆగింది. తర్వాత గీయడం మొదలుపెట్టింది.

"నాలుగున్నాయి," అన్నాను నెమ్మదిగా. "ఏది బాగుంటే..."

"ఒక్కటే వేస్తాను. దీన్నే. నత్త ఎక్కడ కొరికిందో అక్కడ కొరికినట్టే."

మధ్యాహ్నం దాకా గీస్తూనే ఉంది. కాడ మీద వల వేయడానికి ఆమె సన్నకుంచె తీసుకుంది. ఒక్కో పోగూ చూసి, వేసి, మళ్లీ చూసింది. బురదరంగు కలపడానికి ఇన్ని రంగులు కావాలని నాకు తెలియదు.

"అప్పుడు కూడా ఇది నా ముందే ఉంది," అంది తల ఎత్తకుండా. "ఇలాగే, చిరిగిపోయి. అందంగా లేదని తల తీసేశాను."

వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"కదిలించకే, చెరిగిపోతుంది."

"దీనికి నీ పేరు పెట్టనా?"

"వద్దు. ఒకసారి పెట్టించుకున్నది చాలు. దాని ఒంటి మీద ఏముందో అదే పెట్టు." కుంచె గ్లాసులో ముంచుతూ అంది, "మిరపకాయా, నీళ్లు మార్చి తీసుకురా. మురికైపోయాయి."

ఆ మాటకు గ్లాసు పట్టుకుని వంటింట్లోకి దాదాపు పరిగెత్తాను.

వలకాడ అని అర్థం వచ్చేలా లాటిన్‌లో పేరు పెట్టాను. మా రంగంలోని పత్రిక ఒకటి వర్ణననూ బొమ్మనూ అచ్చుకు తీసుకుంది, రెండో సమావేశం నాటికి సంచిక చేతికొచ్చింది. నమూనాలు కూడా పురుగుపట్టకుండా ఎండబెట్టి, గట్టి డబ్బాలో బీరువాకెక్కించాను. ఇక అడ్డేముందిలే అనుకున్నాను.

సంఘం వాళ్లు బొమ్మను చేతులు మార్చుకుంటూ చూశారు. సభ్యుల్లో ఒకాయన నవ్వాడు.

"ఇంత మంచి చేత్తో ఈ తిన్న ముక్కని వేయించారేంటండీ?"

"అది అలాగే ఉంటుందండీ," అన్నాను పళ్లు బిగించి.

అధ్యక్షురాలు సంచిక మూసి పక్కన పెట్టింది. "పేరు సరే. మీకది కనబడింది ఈ ఒక్క ఏడాదే కదా. గాలికి ఎక్కడినుంచో వచ్చి మొలిచి పోయేదైతే దానికోసం ఊరి నీళ్లు ఆపలేం. అక్కడ నిలదొక్కుకుని బతుకుతోందనడానికి ఏం ఆధారం చూపిస్తారు?"

"పాత బొమ్మలో కాడ ఉందండీ. అప్పటికే ఆ తోపులో..."

"ఆ బొమ్మని నమ్మడానికి లేదని మొన్న మీరే చెప్పారు కదమ్మా."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నా నిజాయితీ తిరిగి నాకే తగిలింది. ఏళ్ల తరబడి ఆ తోపులో వెతికినవాళ్లంతా ఊదారంగు కోసం వెతికారు, దీన్ని చూసినవాళ్లు లేరు. నా చేతుల్లో ఇంకేమీ లేదు. తోపు పోయిందనుకున్నాను.

బొమ్మ అప్పుడే ఇంజనీరు చేతికి వచ్చింది. మర్యాదకు ఒకసారి చూసి పక్కవాళ్లకు ఇవ్వబోయాడు. ఇవ్వకుండా మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు.

"ఇది నాకు తెలుసు," అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"పంపుగది వెనకాల, తోపు మొదట్లో. ఏటా వానలకి వస్తుంది. నేను ఇక్కడ చేరినప్పటినుంచీ చూస్తున్నాను. ఎప్పుడు చూసినా ఇదే అవతారం, సగం తినేసి ఉంటుంది. బూటుకి అంటుకుంటే గడ్డికి రాసి తుడుచుకునేవాణ్ణి." నాకేసి చూశాడు. "ఊదారంగుది చూశారా అని మీవాళ్లు ఎప్పుడడిగినా లేదనే చెప్పాం. లేదు కూడా. ఇది చూశారా అని అడిగితే చెప్పేవాళ్లం."

అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. "మీరు నీళ్ల ఆఫీసు తరఫున వచ్చారని మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదండీ. నాకు ట్యాంకు కావాలి. అలాగని చూసినదాన్ని చూళ్లేదనలేను కదా."

వాళ్లు ఇంకో ఇద్దరు పాత పంపు మనుషుల్ని పిలిపించి బొమ్మ చూపించారు. ఇద్దరూ ఇదేగా అన్నారు. ఆ సాయంత్రానికి తోపు మీద ఆంక్ష కొత్త పేరుతో మళ్లీ పడింది. ట్యాంకు పైరోడ్డు పక్కకు మారింది. పైపులు ఎక్కువయ్యాయని ఇంజనీరు ఇప్పటికీ ఎక్కడ కనబడినా సాధిస్తాడు. నేను బుద్ధిగా తల వంచుకుని వింటాను. నేను ఎదురు చెప్పకుండా వినేది ఊళ్లో ఆయన మాట ఒక్కటే.

ఇంటికెళ్లేసరికి పెద్దమ్మ గుమ్మంలో ఉంది. నా మొహంలోకి చూసింది.

"తోపు నిలిచింది," అన్నాను.

"ఊ," అంది. తలుపు నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"పోయేదే. నా దగ్గర ఆధారం లేకపోయింది. నీ బొమ్మ చూసి ఇంజనీరు గుర్తుపట్టాడు."

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"నువ్వు ముందు చెప్పావా ఇది ఫలానా అని?"

"ఎవరూ చెప్పలేదు. చేతిలోకి తీసుకున్నాడు, ఇది నాకు తెలుసు అన్నాడు. తర్వాత పంపువాళ్లిద్దరు కూడా అదే మాటన్నారు."

పెద్దమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను, తుడుచుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"పాపం, ఆ పాత బొమ్మ పట్టుకుని ఎంతమంది వెతికారో," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "మళ్లీ చెప్పు. మొదట్నించీ చెప్పు. ఎక్కడ కూర్చున్నాడు, ఎలా పట్టుకున్నాడు, ఏమన్నాడు."

మళ్లీ చెప్పాను. ఈసారి బూటు తుడుచుకున్న సంగతి కూడా వదలకుండా చెప్పాను.